పనిముట్లు మారాయి, చదువు నిలిచింది: వెబ్ మల్టీమీడియా పీజీ కోర్సు కథ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భంలో, ఇంచుమించు అదే ఈడు గల ఒక చదువు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. అది న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన రెండేళ్ల పీజీ కోర్సు. పూర్తి పేరు ఇంటరాక్టివ్ టెలికమ్యూనికేషన్స్ ప్రోగ్రామ్. అందరూ ఐటీపీ అంటారు. బొమ్మ, మాట, పాట, వీడియో కలగలిసి, మనం నొక్కితే జవాబిచ్చే అప్లికేషన్లు ఎలా తయారుచెయ్యాలో, వాటికి ప్రోగ్రాములు ఎలా రాయాలో అక్కడ నేర్పుతారు.

విచిత్రమేమిటంటే ఈ కోర్సు మొదలయ్యేనాటికి వెబ్ అన్నదే లేదు. మౌస్ పట్టుకున్నవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మన బడిలో అప్పటికి కంప్యూటర్‌ను ఫొటోలోనైనా చూసినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. అలాంటిది, ఆ కోర్సు ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఒకప్పుడు నేర్పిన సాఫ్ట్‌వేర్లు చాలావరకు మూతపడ్డాయి. వాటితోపాటు కోర్సు ఎందుకు మూతపడలేదు? ఉపాధ్యాయులుగా, తల్లిదండ్రులుగా మనందరికీ పనికొచ్చే ప్రశ్న ఇది. ఈరోజు పిల్లలకు నేర్పుతున్న సాఫ్ట్‌వేర్ వాళ్ల చదువు పూర్తయ్యేదాకా ఉంటుందన్న నమ్మకం లేదు కదా.

కెమెరాతో మొదలైన కథ

ఈ కోర్సుకు ప్రాణం పోసినావిడ రెడ్ బర్న్స్. కెనడాలోని అట్టావాలో 1925లో పుట్టారు. జుట్టు ఎర్రగా ఉండేది కాబట్టి రెడ్ అన్న పేరు స్థిరపడిపోయింది. చిన్న వయసులోనే కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేశారు. ఆవిడ ఇంజనీరు కాదు, ప్రోగ్రామరూ కాదు. సోనీ కంపెనీ భుజాన మోసుకుపోయే వీడియో కెమెరాను తెచ్చినప్పుడు, సినిమా స్టూడియోలకే పరిమితమైన పని ఇక మామూలు మనుషుల చేతికి వస్తుందని ఆవిడకు తోచింది. 1971లో డాక్యుమెంటరీ దర్శకుడు జార్జ్ స్టోనీతో కలిసి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆల్టర్నేట్ మీడియా సెంటర్ పెట్టారు.

ఆ సెంటర్ చేసిన పనుల్లో ఒకటి చెప్పుకోవాలి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రీడింగ్ అనే ఊళ్లో, 1970ల మధ్యలో, వయసు మళ్లినవాళ్ల కోసం రెండువైపులా మాట్లాడుకోగల కేబుల్ టీవీ ఏర్పాటు చేశారు. పెద్దవాళ్లు ఊరికే చూస్తూ కూర్చోలేదు. కార్యక్రమాలు వాళ్లే నడిపారు, ఒక కేంద్రం నుంచి మరో కేంద్రంలో ఉన్నవాళ్లతో తెరమీద ముచ్చట్లాడారు. ఈరోజు మనవలతో వీడియో కాల్ మాట్లాడే మన మాస్టార్లకు ఇది వింతగా అనిపించకపోవచ్చు కానీ, అప్పటికి టీవీ అంటే వాళ్లు చెబితే మనం వినడమే.

ఈ అనుభవం నుంచే 1979లో ఐటీపీ పుట్టింది. మొదట్లో మార్టిన్ ఎల్టన్ నడిపారు. తరువాత రెడ్ బర్న్స్ దాదాపు మూడు దశాబ్దాలు దాని అధ్యక్షురాలు. ఆవిడ పట్టు ఒక్కటే: యంత్రం ఏం చేయగలదన్నది తరువాత, ముందు మనిషికి ఏం కావాలో చూడాలి. అందుకే కోర్సులో చేరేవాళ్లకు కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉండి తీరాలన్న నియమం పెట్టలేదు. సంగీతం చదివినవాళ్లు, లాయర్లు, నాటకాలవాళ్లు, ఇంజనీర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ప్రతి సెమిస్టర్ చివర తాము చేసినవి జనం ముందు పెట్టాలి. వచ్చినవాళ్లు నొక్కుతారు, లాగుతారు, అర్థం కాకపోతే వదిలేసి పక్క బల్లకు పోతారు. అంతకంటే కఠినమైన పరీక్ష ఏముంటుంది!

వెబ్‌కు కదలిక ఎలా వచ్చింది

1987లో ఆపిల్ కంపెనీలో బిల్ అట్కిన్సన్ హైపర్‌కార్డ్ తయారుచేశాడు. కార్డుల దొంతర, కార్డు మీద బటన్లు, బటన్ నొక్కితే ఇంకో కార్డు. బడిపంతుళ్లు కూడా అందులో సొంతంగా పాఠాలు చేసుకోగలిగారు. ఆ తరువాత డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ సీడీరామ్ మల్టీమీడియాకు రాజు అయింది. అందులో ప్రోగ్రాము రాసే భాష పేరు లింగో.

అటు స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరికీ పైసా కట్టనక్కరలేకుండా ప్రపంచానికి వదిలేసింది. కానీ ఆ వెబ్ ఒట్టి కాగితం లాంటిది. రాత ఉంటుంది, బొమ్మ ఉంటుంది, కదలిక లేదు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక చిన్న భాష రాశాడు. అదే జావాస్క్రిప్ట్. మరుసటి సంవత్సరం జొనాథన్ గే బృందం ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ విడుదల చేసింది. ఆ ఏడాది చివర మాక్రోమీడియా కంపెనీ దాన్ని కొని, పేరు కుదించి ఫ్లాష్ అంది.

ఫ్లాష్ అంతగా ఎందుకు పాకిందో మన లెక్కల మాస్టారి పద్ధతిలో చూద్దాం. 640 అడ్డం, 480 నిలువు చుక్కలున్న రంగుల బొమ్మలో ఒక్కో చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే మొత్తం 9,21,600 బైట్లు. అప్పటి టెలిఫోన్ మోడెం సెకనుకు 28,800 బిట్లు తెచ్చేది. అంటే ఒక్క బొమ్మ రావడానికి 256 సెకన్లు, నాలుగు నిమిషాల పైమాట. బొమ్మను కుదించే పద్ధతులు ఉన్నా, కదిలే బొమ్మకు సెకనుకు పన్నెండైనా కావాలి. అది జరిగే పని కాదు. ఫ్లాష్ చుక్కల్ని పంపలేదు. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు ఇలా వంపు తిరిగిన గీత గియ్యి, లోపల ఎరుపు నింపు అని లెక్క మాత్రం పంపింది. గియ్యడం చూసేవాడి కంప్యూటర్ పని. ఫైలు చిన్నదైపోయింది. 2000లో వచ్చిన ఐదో వెర్షన్‌తో యాక్షన్‌స్క్రిప్ట్ అనే భాష కూడా కుదురుకుంది. అప్పటినుంచి ఆటలు, పాఠాలు, కార్టూన్లు వెబ్‌ను ముంచెత్తాయి. 2005లో వచ్చిన యూట్యూబ్ కూడా మొదట ఫ్లాష్ మీదే నడిచింది.

మన వీధిలో మల్టీమీడియా

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. ఆ తరువాతి పదేళ్లలో హైదరాబాద్ వెళ్లినవాళ్లకు అమీర్‌పేట బోర్డులు గుర్తుండే ఉంటాయి. ఫ్లాష్, ఫొటోషాప్, డ్రీమ్‌వీవర్, డైరెక్టర్. మల్టీమీడియాలో డిప్లొమా, డిగ్రీ చేసినవాళ్లకు పీజీ డిప్లొమా. మన బడిలో బొమ్మలు బాగా వేసి, లెక్కల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకున్న పిల్లలకు మొదటిసారి ఒక దారి కనిపించింది. కొందరు దానివల్లే స్థిరపడ్డారు. ఆ మేలు మరిచిపోకూడదు.

అయితే ఆ చదువులు చాలావరకు సాఫ్ట్‌వేర్ మెనూల చదువులు. ఏ మెనూలో ఏముంది, ఏ బటన్ నొక్కితే ఏమవుతుంది అన్నదే పాఠం. కొత్త వెర్షన్ వస్తే మళ్లీ ఫీజు కట్టాలి. కదలిక వెనక ఉన్న లెక్క, చూసేవాడి మనసు, ప్రోగ్రాము రాసే పద్ధతి, వీటికి చాలాచోట్ల తీరిక ఉండేది కాదు.

2005లో అడోబి కంపెనీ మాక్రోమీడియాను 340 కోట్ల డాలర్ల ఒప్పందంతో కొన్నది. 2007 డిసెంబరులో అడోబి పగ్గాలు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో, ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ చేతికి వచ్చాయి. అదే ఏడాది ఆపిల్ ఐఫోన్ తెచ్చింది, అందులో ఫ్లాష్‌కు చోటివ్వలేదు. బ్యాటరీ తినేస్తోందనీ, భద్రత చాలదనీ, ఒక్క కంపెనీ సొత్తు అనీ 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా రాశాడు. ఈలోగా హెచ్‌టీఎంఎల్5 బ్రౌజర్లకు సొంతంగా బొమ్మ గియ్యడం, వీడియో ఆడించడం నేర్పింది. 2017లో అడోబి ముగింపు ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి అది తెరుచుకోవడమే మానేసింది. ఫ్లాష్ తప్ప మరేదీ నేర్పని సర్టిఫికెట్లు బీరువాల్లో మిగిలిపోయాయి.

పనిముట్టు సరిపోకపోతే కొత్తది చేసుకున్నారు

అదే కాలంలో ఐటీపీలో ఏం జరిగిందో చూడండి. అక్కడ మొదటి సెమిస్టర్‌లో ఇంట్రడక్షన్ టు కంప్యుటేషనల్ మీడియా అని ఒక పేపరు ఉంటుంది. ఒకప్పుడు దాన్ని డైరెక్టర్‌లోని లింగోతో చెప్పారు. తరువాత ప్రాసెసింగ్‌తో, ఆపైన పీ5.జేఎస్‌తో చెప్పారు. పాఠం మాత్రం అదే: చలరాశి, షరతు, పునరావృతం, వస్తువు, ఇవన్నీ కలిసి తెరమీద ఒక బంతిని గోడకు కొట్టించి వెనక్కి తేవడం. బంతి వేగాన్ని మైనస్‌తో గుణిస్తే దిశ మారుతుందని ఒకసారి అర్థమైతే, ఏ భాషలోనైనా రాసుకోవచ్చు.

ఆ భాషలు వచ్చిన తీరూ తెలుసుకోదగ్గదే. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జాన్ మయేదా దగ్గర చదివిన కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్ మొదలుపెట్టారు. బొమ్మలు వేసేవాళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే, మొదటి గంటలోనే తెరమీద ఏదో కనబడాలన్నది వాళ్ల ఆలోచన. దాన్ని ఉచితంగా, లోపలి కోడ్‌తో సహా ఇచ్చేశారు. ఐటీపీలో చదివి, అక్కడే పంతులైన డేనియల్ షిఫ్‌మన్ దానికి పాఠ్యపుస్తకాలు రాశాడు, యూట్యూబ్‌లో పాఠాలు చెబుతున్నాడు. 2013లో లారెన్ మెకార్తీ అదే ఆలోచనను జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చింది. అది పీ5.జేఎస్. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కరలేదు, బ్రౌజర్ ఉంటే చాలు.

ఇటలీలోని ఇవ్రియా డిజైన్ సంస్థలో 2005లో పుట్టిన ఆర్డ్యునో బోర్డు మన సైన్స్ ఫెయిర్లలో ఇప్పుడు తరచు కనబడుతోంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ఐగో ఐటీపీ అధ్యాపకుడే. అలాగే డెనిస్ క్రౌలీ, అలెక్స్ రైనర్ట్ ఐటీపీ విద్యార్థులుగా డాడ్జ్‌బాల్ మీద పనిచేశారు. స్నేహితులు దగ్గర్లో ఎక్కడున్నారో సెల్‌ఫోన్ సందేశాలతో చెప్పే సర్వీసు అది. 2005లో గూగుల్ దాన్ని కొని, 2009లో మూసేసింది. అదే ఏడాది క్రౌలీ ఫోర్‌స్క్వేర్ మొదలుపెట్టాడు. సర్వీసు పోయినా, నేర్చుకున్నది అతని దగ్గరే ఉంది.

రెడ్ బర్న్స్ 2013 ఆగస్టులో కన్నుమూశారు. కోర్సు ఆగలేదు.

పోయిన పనుల సంగతి

ఈ చరిత్రలో నష్టపోయింది చదువుకున్నవాళ్లే కాదు. ఇరవై ఏళ్లపాటు లక్షలాదిమంది ఫ్లాష్‌లో చేసిన ఆటలు, కథలు, పాఠాలు ఒక్క తేదీతో మూగబోయాయి. వాటిని నిలబెట్టడానికి కొందరు స్వచ్ఛందంగా రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశారు. పాత ఫ్లాష్ ఫైలును అది ఈనాటి బ్రౌజర్‌లో ఆడిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులో దాన్ని వాడి పాత ఫ్లాష్ పనుల్ని మళ్లీ అందరికీ చూపించింది.

ఇందులో మనకూ ఒక వాటా ఉంది. మన సంఘం రజతోత్సవానికి జూనియర్లు రాత్రింబవళ్లు కూర్చుని చేసిన సీడీ చాలామంది ఇళ్లల్లో ఉంటుంది. బడి గంట మోగితే తలుపు తెరుచుకోవడం, తరగతి బొమ్మ మీద నొక్కితే ఆ బ్యాచ్ గ్రూపు ఫొటో రావడం, ఇప్పుడు మన మధ్య లేని తెలుగు మాస్టారి గొంతు వినబడడం, అదంతా ఫ్లాషే. సీడీ పెడితే ఇప్పుడు తెల్ల పేజీ వస్తుంది. లోపలి ఫైళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. రఫుల్‌తో తెరిస్తే చాలావరకు మళ్లీ కదలడానికి అవకాశం ఉంది. గీతలు పడని సీడీ ఎవరి దగ్గరున్నా సంఘం కార్యాలయానికి ఇవ్వమని మనవి. సీడీల ఆయుష్షు కూడా అంతంతే కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

మన బడికి

ఈ రంగంలో పైచదువు చదవాలనుకునే పిల్లలకు ఇప్పుడు మన దేశంలోనే దారులున్నాయి. ఐఐటీ బొంబాయిలో డిజైన్ కేంద్రం 1969లోనే మొదలైంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఇంజనీరింగ్, మెడిసిన్ తప్ప మరో మాట వినని ఇళ్లల్లో ఈ మాట చెప్పగలిగేది టీచర్లే.

పైచదువు దాకా ఆగక్కరలేదు కూడా. బడి కంప్యూటర్ గదిలో ఉన్న యంత్రాలు పాతవైనా, బ్రౌజర్ తెరుచుకుంటే పీ5.జేఎస్ నడుస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు లెక్కల్లో నేర్చే నిరూపకాలు, సైన్స్‌లో నేర్చే వేగం, డ్రాయింగ్‌లో నేర్చే రంగులు ఒకే తెరమీద కలుస్తాయి. ఆ పాఠాలు తెలుగులో రాసే పని మనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లం తీసుకోవచ్చు. నెలకొక శనివారం, ఒక్కో బ్యాచ్ వంతున వచ్చి చెబితే ఏడాది గడిచిపోతుంది. సెమిస్టర్ చివర ఐటీపీలో పెట్టినట్టే, వార్షికోత్సవం రోజున పిల్లలు చేసినవి వరండాలో బల్లల మీద పెడదాం. తాతలు, నాయనమ్మలు వచ్చి నొక్కి చూస్తారు.

ఇప్పుడు వాడే సాఫ్ట్‌వేర్ కూడా ఏదో ఒకరోజు పోతుంది. అందుకని పిల్లలకు బంతి గోడకు తగిలి ఎందుకు వెనక్కి వస్తుందో నేర్పుదాం, వాళ్లు చేసినదాన్ని నొక్కబోయే మనిషి గురించి ఆలోచించడం నేర్పుదాం. మనకు సుద్దముక్కతో నల్లబల్ల మీద నేర్పిన మాస్టార్లు చేసింది అదే.