స్విచ్‌కు పేరెందుకు, గడియారమెందుకు

శంకర్‌పల్లి దగ్గరి దొంతన్‌పల్లి లాంటి ఊళ్లో భూమి తగాదా వస్తే ముందుగా వెతికేది సాగు వివరాలు రాసే పహాణీనే. అందులో సాగుదారు పేరొక్కటే ఉంటే సరిపోదు, ఊరు, సర్వే నంబరు, ఏ ఏటిదన్నదీ ఉండాలి. నిజాం కాలంలో ఆ ఏడాదిని ఫసలీ సంవత్సరంగా రాసేవారు. 1954–55 నాటి ఖాస్రా పహాణీకి నేటికీ అంత విలువ ఉండటానికి ఒక కారణం, అది ఎక్కడిదో ఎప్పటిదో తేలిపోవడమే. ఇప్పుడు ఈ ఊళ్లో ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. ఇలాంటి ప్రాంగణాల్లో వందలాది కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఏ పోర్టు పనిచేసిందో, ఏది ఆగిందో, ఎవరు లాగిన్ అయ్యారో లాగ్ రాస్తూ ఉంటాయి. ఆ లాగ్ యంత్రం రాసే పహాణీ. స్విచ్‌కు పేరు పెట్టి, గడియారం సరిచేసినప్పుడే అది సాక్ష్యానికి నిలుస్తుందని నా వాదన.

గడియారాలన్నీ ఒకే వేళ చూపాలన్న పట్టింపు ఈ ప్రాంతానికి రైలుతో వచ్చింది. 1874లో సికింద్రాబాద్ నుంచి శంకర్‌పల్లి మీదుగా వాడి దాకా నిజాం రైలు మార్గం మొదలైంది. అప్పటికి దేశంలోని రైళ్లు మద్రాసు కాలమానాన్ని పాటిస్తున్నాయి. అది దొంతన్‌పల్లి సూర్యుడి వేళ కంటే ఎనిమిది నిమిషాలకు పైగా ముందుండేది. సేద్యానికి ఆ తేడాతో పని లేదు. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు మాత్రం అది ప్రాణాల మీదికి తెచ్చే తేడా. 1906 జనవరి 1న 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుండే ఆ కాలమే నేడు స్విచ్‌లోనూ ‘క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30’ అన్న ఒక్క వరుసగా చేరుతోంది.

పేరు లేకున్నా, గడియారం తప్పినా స్విచ్ తన పని తాను చేసుకుపోతుంది కదా అని కొందరంటారు. నిజమే, డేటాను దారి మళ్లించడానికి దానికి మ్యాక్ చిరునామాలు చాలు. అయితే చెడిన రోజున కావలసింది దాని పని కాదు, అది రాసిపెట్టిన లెక్క. బ్యాటరీ లేని సిస్కో స్విచ్‌లు చాలావరకు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. పేరు మార్చకపోతే అన్నీ ‘స్విచ్’ అన్న పేరుతోనే కనిపిస్తాయి. పది అంతస్తుల లాగ్‌లు ఒకచోట చేరితే ఏది ముందో, ఏది ఏ గదిదో ఎవరు చెప్పగలరు? ఇక నెట్‌వర్క్ ద్వారా వేళను అందించే ఎన్‌టీపీ ఉండగా చేత్తో సరిచేయడం ఎందుకన్నది మరో ప్రశ్న. 1985లో డేవిడ్ మిల్స్ ప్రకటించిన ఆ పద్ధతి వేళను చక్కగానే అందిస్తుంది, కానీ అందించేది అంతర్జాతీయ సమన్వయ కాలాన్ని. ఏ సర్వర్‌ను అడగాలో, మన ఐదున్నర గంటలు ఎలా కలపాలో మనిషే చెప్పాలి. చేత్తో పెట్టిన వేళ అలాంటి స్విచ్‌లలో రీబూట్‌తో పోతుంది. సేవ్ చేసిన పేరు, ఎన్‌టీపీ అమరిక మాత్రం నిలుస్తాయి. అందుకే పేరు, ఐఎస్‌టీ అమరిక, ఎన్‌టీపీ మూడూ కావాలి.

ఈ మాట ఇప్పుడు సలహా స్థాయి దాటింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదంటే వాటితో సరితూగే సర్వర్లతో కలపాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.