లేని మడతకు ముప్ఫై ఏళ్లు

బళ్లారి సత్యనారాయణపేటలో పీయూసీ సైన్సు చదివే పిల్లల్ని అడిగి చూడండి, మీసోసోమ్ అంటే టక్కున చెప్తారు. బ్యాక్టీరియా పైపొర లోపలికి చొచ్చుకొచ్చి చుట్టలు తిరిగిన మడత. శ్వాసక్రియకూ, డీఎన్‌ఏ పంపకానికీ, కొత్త గోడ కట్టడానికీ అది తోడ్పడుతుందని ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పాఠం. ఆ మడత పుట్టుపూర్వోత్తరాలు మాత్రం పాఠంలో లేవు.

బళ్లారి మద్రాసు రాష్ట్రాన్ని వీడి మైసూరులో కలిసిన 1953లోనే అమెరికాలో జార్జ్ చాప్‌మన్, జేమ్స్ హిల్లియర్ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాను అతి పలచని పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. వండిన అన్నం గంటలకొద్దీ బయట వదిలేస్తే కడుపు పాడుచేసేది ఈ జీవే. వెడల్పు మైక్రాను అటూ ఇటూ. మామూలు మైక్రోస్కోపులో కడ్డీలా కనిపించడమే తప్ప కడుపులో ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు లోపల, అంచున, ఏవో ముద్దలు కనిపించాయి. 1960లో ఫిట్జ్-జేమ్స్ అనే శాస్త్రవేత్త వాటికి మీసోసోమ్ అని పేరు పెట్టాడు.

పేరు రాగానే పనీ దొరికింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కండరాల్లో గుర్తించినవాడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. మన కణాల్లో దాన్ని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా. బ్యాక్టీరియాకు అవి లేవు. మరి తయారీ ఎక్కడ? ఈ మడతల్లోనేమో అనుకున్నారు చాలామంది.

చిక్కంతా చూసే పద్ధతిలో ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపల గాలి ఉండదు, తడి పనికిరాదు. అందుకని బ్యాక్టీరియాను ముందు రసాయనాలతో బిగించి, ఆల్కహాలుతో నీరు తీసేసి, ప్లాస్టిక్ రెసిన్‌లో పోతపోసి కోసేవారు. వడియాన్ని చూసి గుమ్మడికాయ రూపు చెప్పడం లాంటిదే ఇది.

ఆ మడతలు పద్ధతి వల్లే పుట్టాయేమోనన్న అనుమానం తీర్చింది చలి. రసాయనాలు తగలనివ్వకుండా గడ్డకట్టించి చూసిన నానింగా అనే శాస్త్రవేత్తకు పెద్ద మడతలు దొరకలేదు. 1981లో ఎబర్‌సోల్డ్ బృందం మీసోసోములు పద్ధతి పుట్టించినవేనని తేల్చింది. 1983లో జాక్ దుబోషె బృందం మంచు పలుకులు కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా నీటిని గాజులా బిగించి, తడి ఆరని బ్యాక్టీరియాను చూసింది. మడతలు లేవు. బ్యాక్టీరియాలో శ్వాసక్రియతో సాగే ఏటీపీ తయారీ పైపొర మీదే జరుగుతుంది. అలా నీటిని గాజుగా మార్చిన పనికే దుబోషెకు 2017 నోబెల్‌లో వాటా దక్కింది.

1953 నాటి ఫొటోలు అబద్ధం కావు. చూసినవాళ్లు ఉన్నదే చూశారు. అయితే అది బ్యాక్టీరియా బతికిన తీరు కాదు, చచ్చిన తీరు. పాఠంలో మీసోసోమ్ ఇంకా ఉంది కాబట్టి పరీక్షలో పిల్లలు దాన్ని గీయక తప్పదు. పక్కన పెన్సిలుతో 1983 అని రాసుకుంటే చాలు.