తెలుగు జానపద లోకంలో మంత్రాలు, పసర్లు

తెలుగు జానపద కథలకు, కావ్యాలకు, చలనచిత్రాలకు, పిల్లల పత్రికల ధారావాహికలకు ఉమ్మడిగా ఒక మాంత్రిక లోకం ఉంది. గుహలో హోమగుండం వెలిగించి మనుషుల్ని రాళ్లుగా మార్చే మాంత్రికుడు, కాలికి పూసుకుంటే ఆకాశంలో నడిపించే పసరు, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ప్రాణం, కోరిందల్లా ఇచ్చే ప్రతిమ ఈ లోకపు ఆనవాళ్లు. వీటిలో కొన్ని పదహారో శతాబ్దపు ప్రబంధాల్లోనే కనిపిస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో వీటికి చిరకాలం నిలిచే రూపం ఇచ్చిన సినిమా ‘పాతాళ భైరవి’ (1951). దాని దర్శకుడు కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. పెన్నా పరీవాహకంలో ఉన్న ఊరు అది.

ఈ లోకంలో మంత్రశక్తి ఎవరికీ పుట్టుకతో రాదు. దేవత దగ్గరో, గురువు దగ్గరో, సిద్ధుడి దగ్గరో సంపాదించుకోవాలి. అది అప్పులాంటిది. నియమం తప్పినా, తాకట్టు పెట్టిన వస్తువు చేజారినా అక్కడికక్కడే పోతుంది. కథ గెలుపు దారి వెతుక్కునేది ఈ కట్టుబాటులోనే. చేతిలో మంత్రం లేని తోటమాలి కొడుకు కూడా ధైర్యంతో, యుక్తితో మాంత్రికుణ్ణి ఓడించగలడు.

సాహిత్య మూలాలు

తెలుగు నేలకూ మాంత్రికులకూ ముడి చాలా పాతది. సంస్కృత నాటకకర్త భవభూతి ఎనిమిదో శతాబ్దంలో రాసిన ‘మాలతీమాధవం’లో అఘోరఘంటుడనే కాపాలికుడు కథానాయికను చాముండకు బలి ఇవ్వబోతాడు. అతని శిష్యురాలు కపాలకుండలది శ్రీపర్వతం, అంటే శ్రీశైలం. నాటి కవుల ఊహలో సిద్ధులకు, రసవాదులకు, కాపాలికులకు శ్రీశైలమే నెలవు.

తెలుగులో మందు మహిమను కథకు ఇరుసుగా చేసిన మొదటి వరుస కవి అల్లసాని పెద్దన. ఆయన ‘మనుచరిత్ర’లో ఒక సిద్ధుడు ప్రవరాఖ్యుడికి పాదలేపం ఇస్తాడు. దాని మహిమతో ప్రవరుడు క్షణాల్లో హిమాలయం చేరతాడు. మంచు నీటికి పూత కరిగిపోవడంతో ఇంటిదారి మూసుకుపోతుంది. వరూధిని తారసపడేది అప్పుడే. చివరికి అతణ్ణి ఇంటికి చేర్చింది లేపనం కాదు, నిత్యం కొలిచిన అగ్నిదేవుడు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మణిస్తంభుడనే సిద్ధుడు కలభాషిణిని మృగేంద్రవాహన గుడికి బలి కోసం తీసుకుపోతాడు.

విక్రమార్కుడి కథలు మరో పాయ. పదిహేనో శతాబ్దంలో కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ను తెలుగు చేశాడు. బేతాళ కథల్లో ఒక సన్యాసి రాజుకు రోజూ పండు ఇస్తూ వస్తాడు. ప్రతి పండులోనూ రత్నం ఉంటుంది. శ్మశానంలో రాజును బలి ఇచ్చి సిద్ధి పొందాలన్నది అతని పన్నాగం. సాష్టాంగ నమస్కారం ఎలా చేయాలో మొదట నువ్వే చూపించమని సన్యాసిని అడగమని బేతాళుడు రాజుకు ఉపాయం చెబుతాడు. బలి ఇవ్వబోయినవాడే బలి అయ్యే ఈ మలుపు జానపద చిత్రాలకు మూలధనం అయింది.

మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ వీటన్నిటినీ సామాన్య పాఠకుడి ఇంటికి చేర్చాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ, తోడొచ్చిన గొల్లపిల్లవాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు.

మంత్రాలు

తంత్రశాస్త్రం ప్రయోగాలను ఆరుగా విభజించింది. శాంతి రోగాన్నీ కీడునూ తొలగిస్తుంది. వశ్యం ఎదుటివారి మనసును లొంగదీస్తుంది. స్తంభనం కదలనివ్వదు. విద్వేషణం స్నేహితుల మధ్య పగ పెడుతుంది. ఉచ్చాటనం ఉన్న చోటినుంచి తరిమేస్తుంది. మారణం ప్రాణం తీస్తుంది. వీటిని షట్కర్మలు అంటారు. తెరమీది మాంత్రికుడు ఎక్కువగా వాడేవి వశ్యం, స్తంభనం, మారణం. కత్తి ఎత్తిన చేయి ఎత్తినట్టే బిగుసుకుపోయిందంటే అది స్తంభనం. రాకుమారి నిద్రలో లేచి గుహ వైపు నడిచిందంటే వశ్యం.

యోగశాస్త్రం చెప్పే అష్టసిద్ధుల్లోంచి మరికొన్ని వచ్చాయి. ఈగంత చిన్నగా మారడం అణిమ, కొండంత పెరగడం మహిమ, దూదిలా తేలిపోవడం లఘిమ. తన దేహం విడిచి మరో దేహంలోకి దూరే పరకాయ ప్రవేశం, కోరిన రూపం ధరించే కామరూపం విక్రమార్క కథల నాటినుంచీ ఉన్నవే.

ప్రయోగానికి ఉపాసన, బలి, ఉచ్చారణ అనే మూడు మెట్లుంటాయి. ముందుగా దేవతను ఏళ్ల తరబడి కొలవాలి. బలి అక్షరాలా ఆమె అడిగినట్టే ఉండాలి. లక్షణాలున్న యువకుడే కావాలంటే మరొకడు పనికిరాడు. బీజాక్షరాలు తప్పులేకుండా పలకాలి. రక్షణకు తాయెత్తు, రక్షరేకు, విబూది గీత, దిగ్బంధం ఉంటాయి. ఇవి దాడి చేయవు, కాపలా మాత్రమే కాస్తాయి.

పసర్లు, లేపనాలు, అంజనాలు

ఈ లోకపు మందులు వాడే తీరును బట్టి వేరుపడతాయి. ఆకు నలిపి తీసే పసరు, ఒంటికి పూసే లేపనం, కంటికి పెట్టే అంజనం, ఎదుటివారిపై చల్లే చూర్ణం లేదా భస్మం, తాగించే తీర్థం ముఖ్యమైనవి. పాదలేపం ఆకాశగమనానికి, అంజనం అదృశ్యం కావడానికి లేదా పాతిన నిధిని చూడడానికి పనికొస్తాయి. రూపం మార్చేవి చాలావరకు జంటగా ఉంటాయి. ఒక చెట్టు పండు తింటే మనిషి కోతి అవుతాడు, పక్క చెట్టు పండు తింటే మళ్లీ మనిషవుతాడు. విరుగుడు లేని మందు ఈ కథల్లో అరుదు. ఉన్న విరుగుడు ఎవరికి దొరుకుతుందన్నదే ఉత్కంఠ.

అన్నిటికన్నా పెద్దది సంజీవని. రామాయణంలో లక్ష్మణుణ్ణి బతికించిన ఆ మూలికకు మంచీ చెడూ తేడా లేదు. ‘పాతాళ భైరవి’లో చచ్చిన మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజప సంజీవనితోనే లేపుతాడు. కథ రెండో సగం అక్కడ మొదలవుతుంది.

ఇనుమును బంగారంగా మార్చే పరుసవేది రసవాదానికి చెందినది. వేమన మొదట రసవాదం వెంట తిరిగి, ఆ తర్వాత దాన్ని వదిలి విరాగి అయ్యాడని జనశ్రుతి. ఆయన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి ప్రాంతంలోది, పాత అనంతపురం జిల్లాలోదే.

ప్రాణం దాచిన చోటు

మాంత్రికుడి బలం అతని ఒంట్లో ఉండదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఎత్తుకుపోయిన తల్లిని విడిపించడానికి బాలవర్ధిరాజు ఆ చిలకను పట్టి తెస్తాడు. తోలుబొమ్మలాటలో పేరున్న మైరావణుడి కథలో ప్రాణాలు తుమ్మెదల్లో ఉంటాయి. ‘పాతాళ భైరవి’లో మహిమంతా గడ్డంలో ఉంటుంది. నాయకుడి నేస్తం అంజి సదాజప వేషంలో వెళ్లి, రాకుమారి మెప్పు పేరు చెప్పి ఆ గడ్డం తీయిస్తాడు.

మేరీ ఫ్రెయర్ 1868లో అచ్చువేసిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’లో మొదటి కథ ఇలాంటిదే. అందులో రాకుమారి పేరు బాల్నా, మాంత్రికుడి ప్రాణం చిలకలో. బుర్రకథ చెప్పేవాళ్ల బాలనాగమ్మకు అది తోబుట్టువు. రష్యా కథల్లో కోష్చేయ్ అనేవాడి ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’లో ఇలాంటి కథలన్నిటినీ దేహం వెలుపల ఉండే ఆత్మ అన్న శీర్షిక కింద చర్చించాడు. జె.కె. రౌలింగ్ 1997లో మొదలుపెట్టిన హ్యారీ పాటర్ నవలల్లో ప్రతినాయకుడు వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి దాచిన హార్‌క్రక్సులు ఇదే కుదురులోవి. తేడా చదువులో ఉంది. ఆ నవలల్లోని బడి హాగ్వార్ట్స్‌లో పిల్లలు తరగతి గదిలో మంత్రాలు, కషాయాలు నేర్చి మాంత్రికులవుతారు. తెలుగు కథలో విద్య నేర్చినవాడు తరచూ ప్రతినాయకుడే, నేర్వనివాడు నాయకుడు.

చలనచిత్రాల్లో

జెమిని సంస్థ 1942లో తీసిన ‘బాలనాగమ్మ’కు సి. పుల్లయ్య దర్శకుడు. కాంచనమాల కథానాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల ఫకీరు. 1949లో వచ్చిన ‘కీలుగుర్రం’లో అక్కినేని నాగేశ్వరరావు ఎగిరే కొయ్యగుర్రం ఎక్కారు. అదే ఏడు కె.వి. రెడ్డి ‘గుణసుందరి కథ’ తీశారు. అందులో రాజు జబ్బు నయం చేసే మహేంద్రమణి కోసం అల్లుళ్లు బయల్దేరతారు.

1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళ భైరవి’ విజయా సంస్థది. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. పింగళి నాగేంద్రరావు కథ, మాటలు, పాటలు రాశారు. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, ఘంటసాల సంగీతం. ‘కాశీమజిలీ కథలు’ నుంచీ, అల్లావుద్దీన్ కథ నుంచీ పోగులు తీసి నేసిన కథ ఇది. ఉజ్జయిని తోటరాముడు (ఎన్.టి. రామారావు) రాకుమారి ఇందుమతి కోసం ధనం సంపాదించే దారి వెతుకుతాడు. నేపాళ మాంత్రికుడు (ఎస్.వి. రంగారావు) అతణ్ణి బలికి తీసుకుపోతాడు. కొలనులో రాముడు చంపిన మొసలి శాపం తీరిన స్త్రీగా మారి అసలు గుట్టు చెబుతుంది. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి భైరవి ప్రతిమ సంపాదిస్తాడు. ఆ ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. అందుకే దొంగచేతిలో పడగానే రాముడి మేడ, రాకుమారి కూడా చేజారిపోతాయి. దొరికిన మహిమ మీద ఆనుకుని కూర్చున్నన్నాళ్లూ రాముడు బలహీనుడే. అది పోయాక మళ్లీ సాహసం మొదలుపెట్టినప్పుడే నాయకుడవుతాడు. తెలుగు మాంత్రిక కథ చెప్పే నీతిని ఇంత సూటిగా చెప్పిన చిత్రం మరొకటి లేదు.

కె.వి. రెడ్డి, పింగళి జంట ‘మాయాబజార్’ (1957), ‘జగదేకవీరుని కథ’ (1961)లో ఈ లోకాన్ని విస్తరించారు. ‘మాయాబజార్’లోని గిల్పం, గింబళి, ప్రియదర్శిని మహిమగల వస్తువుల జాబితాలో చేరాయి. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మాయలన్నీ కెమెరాలోనే జరిగాయి. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ నడిపితే అదృశ్యం. కటకంలో సగం మూసి ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీస్తే ఒకే తెరపై రెండు లోకాలు.

ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టిన బి. విఠలాచార్య (1920–1999) ఈ నైపుణ్యాన్ని తక్కువ ఖర్చుతో ఊరూరికీ చేర్చారు. కాంతారావు కత్తి పట్టిన ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) మొదలు, జయమాలిని పిశాచిగా నటించిన ‘జగన్మోహిని’ (1978) దాకా ఆయన చిత్రాలు గ్రామీణ ప్రేక్షకులను టెంటు హాళ్లకు రప్పించాయి. కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1994లో ‘భైరవ ద్వీపం’ తీశారు. అందులో ప్రియురాలి ప్రాణం నిలిపేందుకు కథానాయకుడు కురూపాన్ని భరిస్తాడు. మహిమకు మూల్యం చెల్లించాలన్న పాత కట్టుబాటు అక్కడా చెక్కుచెదరలేదు.

చందమామలో

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ పిల్లలకు నెలనెలా మంత్రలోకం చూపించాయి. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన కపాల దండాలు, నరవానరాలు, శిథిల దుర్గాలు రెండు మూడు తరాల ఊహకు రూపురేఖలయ్యాయి.

అనంతపురం పీఠభూమిలో

  దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో కె.వి. రెడ్డి పుట్టిన అనంతపురం ఒకటి. సగటు ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ జనం మహిమను అడిగింది ఎక్కువగా వాన కోసమే. రాయలసీమలో రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఇల్లిల్లూ తిరిగే కప్పతల్లి ఆచారం, వానల కోసం విరాటపర్వం చదివించడం ఆ కోవలోవి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుమోసిన ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. వెలుగు ముందు ఆడే రంగు తోలుబొమ్మ మాయను సినిమాకన్నా ముందే ఈ పల్లెలకు చూపించింది.

1912 జులై 1న తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి, అంటే కదిరి వెంకట రెడ్డి, ఈ నేల మనిషి. ఆయనకు వాహినీ సంస్థలో వెన్నుదన్నుగా నిలిచిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. నాగిరెడ్డి ఊరు పొట్టిపాడు ఆ పక్కనున్న కడప జిల్లాలోది. తెలుగు తెర మీది అతిపెద్ద మాంత్రిక లోకాన్ని కట్టినవారిలో ముఖ్యులు పెన్నా ఒడ్డు మెట్టభూముల నుంచి వచ్చారు.

కల్పన, నిజం

కథలోని మాంత్రికుడు వేరు, మంత్రాల పేరిట జనాన్ని దోచేవాడు వేరు. రోగాలను మంత్రాలతో, తాయెత్తులతో నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కట్టడి చేసింది. అంజనం చూపి గుప్తనిధులున్నాయని పాత కోటల్లో, గుళ్లలో తవ్వించేవారి మాటకు విలువ లేదు. దొరికిన నిధిని ప్రభుత్వానికి తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. చేతబడి చేశారన్న అనుమానంతో నిరపరాధుల మీద పడడం నేరమే కాదు, కథలు నేర్పినదానికి విరుద్ధం కూడా. పొరుగువాణ్ణి శంకించమని ఈ కథలు చెప్పలేదు. సిద్ధుడి మాట నమ్మి పసరు పూసుకున్న ప్రవరుడు, సన్యాసి పండు అందుకున్న విక్రమార్కుడు, మాంత్రికుడి వెంట నడిచిన తోటరాముడు ముగ్గురూ మహిమ చూపినవాణ్ణి నమ్మే చిక్కులో పడ్డారు. ఉచితంగా మహిమ ఇస్తానన్నవాణ్ణి ముందు ప్రశ్నించమన్నది ఈ మూడు కథలూ కలిసి చెప్పే మాట.