రీలు ఎప్పుడు తిప్పాలి? మా జేజి పెళ్ళి ఫొటో కథ

కళ్యాణదుర్గంలో మా ఇంటి గోడ మీద జేజి పెళ్ళి ఫొటో లేదు. ఎందుకని అడిగితే పెట్టె అడుగు నుంచి ఒక చిన్న ప్రింటు తీసింది. జేజి, జేజినాయన నిలబడి ఉన్నారు. వాళ్ళ మీదుగా, పొగలాగా, పంక్తిలో కూర్చుని భోంచేస్తున్న జనం! "ఉండేది ఇదొక్కటేరా నాయనా" అంది. ఫొటో తీసినాయన రీలు తిప్పడం మర్చిపోయాడు, అంతే.

ఫోన్లో బటన్ నొక్కితే అయిపోయింది. పాత కెమెరాలో అంతకుముందు రెండు పనులున్నాయి. ఒకటి, రీలు తిప్పి కొత్త ఫిల్మును లెన్సు వెనక్కి తేవడం. రెండు, షట్టర్ స్ప్రింగు బిగించడం, అంటే కాక్ చేయడం. మన స్టూడియోల్లో వాడిన యాషికా 635లో ఈ రెండూ వేర్వేరు. రీలుకు పక్కన నాబ్, షట్టరుకు లెన్సు దగ్గర చిన్న లివర్. నాబ్ తిప్పకుండా లివర్ లాగి నొక్కినా కెమెరా ఆపదు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3లో ఆ లివర్ కూడా లేదు. 120 రీలు, 12 ఫొటోలు, వెనక ఎర్ర కిటికీలో నంబర్ చూస్తూ తిప్పుకోవాలి. మర్చిపోతే ఫొటో మీద ఫొటో పడుతుంది.

దీనికి మందు 1925లోనే వచ్చింది. జర్మనీ లైకాలో ఒక్క నాబ్ తిప్పితే ఫిల్మూ కదులుతుంది, షట్టరూ బిగుస్తుంది. 1937లో రోలీఫ్లెక్స్ ఆటోమాట్ ఒకే క్రాంకుతో రెండు పనులూ చేసింది. కానీ అవి ఖరీదైన కెమెరాలు. చవక కెమెరా ఉన్నాయన తన జ్ఞాపకశక్తినే నమ్ముకోవాలి.

అందుకే రూలు ఇది: ఫొటో తీసిన వెంటనే రీలు తిప్పు, తీయబోయే ముందే షట్టర్ బిగించు. నెలల తరబడి స్ప్రింగు బిగించి ఉంచకూడదు. తిప్పామా లేదా అని డౌటొస్తే ఇంకోసారి తిప్పు. ఒక ఫ్రేము పోతుంది, రెండు పాడవవు. మడత కెమెరాకు మాత్రం తేడా. బెలోస్ తెరిచినప్పుడు గాలి లాగి ఫిల్ము వంగుతుంది, కాబట్టి తెరిచాకే తిప్పాలి.

ఇదే తప్పును సినిమావాళ్ళు కావాలని చేశారు. 1964 'రాముడు భీముడు'లో ఇద్దరు ఎన్టీఆర్‌లు ఒకే షాట్‌లో కనిపిస్తారు కదా. లెన్సు సగం మూసి తీయడం, ఫిల్ము వెనక్కి తిప్పడం, మిగతా సగం తీయడం. కెమెరామన్ రవికాంత్ నగాయిచ్.

జేజి ప్రింటు స్కాన్ చేసి, ఆ పంక్తి తీసేయనా అని అడిగా. "వద్దు. ఆ మూల కూర్చునుండేది మా నాయన. ఆయనకు వేరే ఫొటో లేదు" అంది.

అలాగే ఉంచేశా. ఇప్పుడది గోడ మీదుంది.

మీ ఇంట్లో పాత కెమెరా దొరికితే వెనక మూత వెంటనే తెరవొద్దు. నాబ్ మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల ఇంకా రీలు ఉండొచ్చు.