ఒకే రంగు, రెండు సిద్ధాంతాలు: నాడీకణ భావన చరిత్ర

మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే, ముందు అది వేటితో నిర్మితమైందో తెలియాలి. నేడు పాఠశాల విద్యార్థి కూడా నాడీకణం పటం గీసి భాగాలు గుర్తిస్తాడు. కానీ నాడీకణం ఒక విడి కణమని అంగీకరించడానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది. ఆ వివాదాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

జీవులన్నీ కణాలతో నిర్మితమయ్యాయని ష్లైడెన్, ష్వాన్ 1838-39లో ప్రతిపాదించారు. నాడీకణజాలం విషయంలో మాత్రం సందేహం మిగిలింది. అందులోని పోగులు అతి సన్నగా, చిక్కుపడి ఉంటాయి. ఏ పోగు ఎక్కడ ముగుస్తుందో కనిపించేది కాదు. అందువల్ల నాడీవ్యవస్థ అంతా తెగని వల వంటిదని చాలామంది భావించారు. దీనినే జాలక సిద్ధాంతం అంటారు.

1873లో ఇటలీ శాస్త్రజ్ఞుడు కెమిల్లో గాల్జీ కొత్త రంజన పద్ధతిని ప్రకటించాడు. కణజాలాన్ని పొటాషియం డైక్రోమేట్‌తో గట్టిపరచి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచాడు. కొద్ది కణాలు మాత్రమే, కానీ కొనల వరకు, నల్లగా కనిపించాయి. అన్నీ రంగు పట్టకపోవడమే ఈ పద్ధతి బలం. అయినా గాల్జీ తాను చూసినదాన్ని వలగానే అర్థం చేసుకున్నాడు.

స్పెయిన్ శాస్త్రజ్ఞుడు శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1887లో ఈ రంజనాన్ని మొదటిసారి చూశాడు. దానిని మెరుగుపరచి, పక్షి పిల్లలు, పిండాల మెదళ్లపై ప్రయోగించాడు. లేత మెదడులో ఆక్సాన్లపై మైలిన్ తొడుగు ఇంకా పూర్తిగా ఏర్పడదు కాబట్టి పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆక్సాన్ల కొనలు ఇతర కణాలను సమీపిస్తాయే గాని వాటిలో కలిసిపోవని 1888లో వెల్లడించాడు. 1891లో వాల్డేయర్ ఈ కణానికి 'న్యూరాన్' అని పేరుపెట్టాడు. రెండు కణాలు కలిసే చోటును 1897లో షెరింగ్టన్ 'సినాప్స్' అన్నాడు.

1906లో నోబెల్ బహుమతి గాల్జీ, కహాల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. డిసెంబరు 11న గాల్జీ తన ఉపన్యాసంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని విమర్శించాడు. మరునాడు కహాల్ అదే సిద్ధాంతాన్ని సమర్థించాడు. బహుమతి వివాదాన్ని తీర్చలేదు. తీర్చింది తర్వాత లభించిన సాక్ష్యాలు.

1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు చేరే వేగస్ నాడిని ఉత్తేజపరిచాడు. ఆ గుండె నుంచి తీసిన ద్రవాన్ని మరో గుండెకు అందించగా దాని స్పందన కూడా మందగించింది. నాడి రసాయనం ద్వారా సందేశం పంపగలదని దీనివల్ల తేలింది. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కణాల మధ్య ఖాళీని చూపింది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 50,000వ వంతు.

మెదడుపై పనిచేసే అనేక మందులు ఈ ఖాళీ వద్దే ప్రభావం చూపుతాయి. అయితే కొన్నిచోట్ల విద్యుత్ సంకేతం ఒక కణం నుంచి మరో కణానికి నేరుగా ప్రవహిస్తుందని 1959లో క్రేఫిష్‌పై జరిగిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి గాల్జీ ఆలోచనను మూర్ఖత్వంగా కొట్టిపారేయకూడదు. ఆయన కళ్లకు కనిపించినదీ, కహాల్‌కు కనిపించినదీ ఒకే రంగు. తేడా అంతా, దానిని ఏ కణజాలంపై ప్రయోగించారు, ఏ ప్రశ్నతో చూశారు అన్నదానిలో ఉంది.

ఆలోచించండి: కహాల్ పెద్ద జంతువుల మెదడుకు బదులు లేత మెదడును ఎంచుకోకపోయి ఉంటే ఈ వివాదం ఎలా సాగి ఉండేది?