ఒక యంత్రము - పలు కాపురములు

కొరాపుట్, రాయగడ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు మాచ్‌ఖండ్ పేరు కొత్త కాదు. 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనగా, డుడుమా జలపాతము చెంత విద్యుత్కేంద్రము వెలసి 1955లో ప్రారంభమైనది. అందలి జనరేటర్లు ఆరు. మొత్తము శక్తి 114.75 మెగావాట్లు. 1953లో రాష్ట్రము ఏర్పడగా మద్రాసు వాటా ఆంధ్రకు వచ్చినది. నది ఒక్కటే, యంత్రశాల ఒక్కటే. వాటాదారులు మాత్రము ఇద్దరు. తొలి పంపకము నూటికి 70, 30 పాళ్లు.

ఉమ్మడి యంత్రమను ఈ ఆలోచనయే కంప్యూటరు లోకమున మరియొక రూపము దాల్చినది. విశాఖ, హైదరాబాదులలో ఉద్యోగములు చేయు మన బిడ్డలు వర్చువల్ మెషీన్ అను మాట తరచు పలుకుదురు. ఇంటి పెద్దలకు అదేమో బోధపడదు. దాని కథ చెప్పుకొందము.

1960 ప్రాంతమున కంప్యూటరు అనగా గది నిండు యంత్రము. దాని వెల సామాన్య సంస్థలకు అందనిది. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున, ఐ.బి.ఎం. పరిశోధనాలయములో రాబర్టు క్రీసీ మొదలగువారు సి.పి.-40 అను ఏర్పాటును నిర్మించి 1967లో వాడుకలోనికి తెచ్చిరి. ఒకే యంత్రముపై 14 వర్చువల్ మెషీన్లు నడచెడివి. వాడువారిలో ప్రతివారికి యంత్రమంతయు తమదే యనిపించెడిది. 1972లో ఆ సంస్థ ఈ పద్ధతినే వి.ఎం./370 పేర విపణిలోనికి తెచ్చినది.

ఇది ఎట్లు సాధ్యము? పంపకము చేయు పెద్దమనిషి హైపర్‌వైజర్ అను ప్రోగ్రాము. అది ప్రాసెసరు కాలమును చిన్న చిన్న ముక్కలు చేసి వంతులవారీగా ఒక్కొక్క మెషీనుకు పంచును. మెమరీని గదులుగా విడదీసి, ఒకరి గదిలోనికి మరియొకరు తొంగిచూడకుండ గోడలు కట్టును. అసలు యంత్రమును తాకు ఆజ్ఞ వచ్చినచో, దానిని నడుమనే ఆపి, తానే నిర్వర్తించి ఫలితము నందించును. మాచ్‌ఖండ్‌లో వాటాలు ఒడంబడికలో వ్రాసినవి. ఇచ్చట ఒకరు ఊరకున్న క్షణము మరియొకరికి చెల్లును. పొదుపంతయు అందులోనే కలదు.

1990 తరువాత చిన్న కంప్యూటర్లు చవుకైనవి. కార్యాలయములు జీతముల లెక్కకొక సర్వరు, ఉత్తరములకొక సర్వరు కొనిపెట్టినవి. అవి అధిక కాలము ఊరకనే యుండి కరెంటు తినుచుండెను. పైగా ఇంటెల్ జాతి ప్రాసెసర్లలో కొన్ని ఆజ్ఞలు పర్యవేక్షకునికి పట్టుబడక జారిపోవుచుండెను. 1998లో స్థాపితమైన వి.ఎం.వేర్ సంస్థ అట్టి ఆజ్ఞలను అప్పటికప్పుడు మార్చివ్రాయు ఉపాయముతో చిక్కు విడదీసినది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి జెన్ అను హైపర్‌వైజర్ వెలువడినది. 2005, 2006లలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు ప్రాసెసరులోనే ఇందుకు తగిన సాయము చేర్చినవి. 2006లో అమెజాన్ సంస్థ జెన్ ఆధారముగా సర్వర్లను గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించినది.

ఉమ్మడి కాపురమునకు చిక్కులును కలవు. ఆశకొద్ది పరిమితికి మించి మెషీన్లను ఎక్కించినచో అందరి పని మందగించును. అడుగునున్న యంత్రము చెడినచో పైవన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను ప్రాసెసరు లోపములు బయటపడగా, గోడల సందులనుండి పొరుగువారి రహస్యములు లాగవచ్చునని తేలినది.

కావున సంఘ సభ్యుల పట్టికలు గాని, పిల్లల చదువు పత్రములు గాని అద్దె సర్వరులో దాచు ముందు రెండు ప్రశ్నలు వేయుట మంచిది: లోపము బయటపడిన వెంటనే దానిని సరిచేయువారు కలరా? మరియొక చోట నకలు కలదా? పంచుకొనుట లాభమే. అయితే పంపకము న్యాయముగా జరిగి, సరిహద్దు గోడ గట్టిగా నున్నంత కాలమే ఏ ఉమ్మడి కాపురమైనను నిలుచును.