పార్లమెంటరీ దౌత్యం – తాండూరు కంది

ఒక దేశపు చట్టసభ సభ్యులు ఇతర దేశాల సభ్యులతో నేరుగా సంప్రదింపులు జరపడం, తమ ప్రభుత్వం చేసుకునే అంతర్జాతీయ ఒప్పందాలను సభలోనూ స్థాయీ సంఘాల్లోనూ నిలదీయడం, వాటి అమలుకు చట్టాలు చేయడం – ఇదంతా పార్లమెంటరీ దౌత్యం కిందికే వస్తుంది. ఇందుకు పెద్ద వేదిక 1889లో పుట్టిన అంతర పార్లమెంటరీ యూనియన్. దాని మహాసభలు 1969లోనూ, 1993లోనూ ఢిల్లీలో జరిగాయి.

ఈ దౌత్యం ఊరి దాకా ఎలా వస్తుందో వికారాబాద్ జిల్లాలో చూడవచ్చు. తాండూరు చుట్టుపక్కల నాపరాయి పొరల మీద పరుచుకున్న లోతైన నల్లరేగడిలో పండే కందికి రుచిలో, నిల్వ ఉండటంలో పేరుంది. 1994 ఏప్రిల్ 15న మరాకేష్‌లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం సంతకం చేసిన వాణిజ్య ఒప్పందాల్లో మేధో సంపత్తి హక్కులకు సంబంధించిన ట్రిప్స్ ఒకటి. ఒక ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన సరుకుకు రక్షణ కల్పించాలని అందులోని 22వ అధికరణం చెబుతుంది. దాని కోసం పార్లమెంటు 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది. అది 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు చేసుకోగా, 2022 డిసెంబరులో తాండూరు కందికి ఆ గుర్తింపు దక్కింది.

కంది దిగుమతి ఒప్పందాల కథ వేరు.

2016లో మొజాంబిక్‌తో కుదిరిన అవగాహన ఒప్పందం ప్రకారం, కంది తదితర పప్పుధాన్యాల దిగుమతిని లక్ష టన్నులతో మొదలుపెట్టి 2020-21 నాటికి 2 లక్షల టన్నులకు పెంచాలి. 2021లో మలావీ, మయన్మార్‌లతోనూ కంది దిగుమతికి ఇలాంటి ఒప్పందాలే కుదిరాయి. కొత్త పంట యార్డుకు వచ్చే వేళకే దిగుమతి సరుకు రేవులో దిగితే ధర మీద ఒత్తిడి పడేది ఇక్కడి రైతుకే. అయినా ఇలాంటి ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. రాజ్యాంగం 253వ అధికరణం ఒప్పందాల అమలుకు చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది కానీ, సంతకం చేసే ముందు సభ అనుమతి తీసుకోవాలని ప్రభుత్వాన్ని కట్టడి చేయలేదు.

యూరప్‌లో పద్ధతి ఇది కాదు. నకిలీ సరుకుల నిరోధానికి ఉద్దేశించిన యాక్టా ఒప్పందాన్ని 2012 జులైలో యూరోపియన్ పార్లమెంటు 478–39 ఓట్లతో తోసిపుచ్చింది. దాంతో యూరోపియన్ యూనియన్ అందులో చేరలేకపోయింది. భారత ఎంపీలకు అంతటి అధికారం లేదు. ప్రశ్నోత్తరాలు, వాణిజ్య స్థాయీ సంఘం నివేదికలు, అంతర పార్లమెంటరీ యూనియన్‌తో కలిసి యూరోపియన్ పార్లమెంటు 2003 నుంచి నిర్వహిస్తున్న ప్రపంచ వాణిజ్య సంస్థ పార్లమెంటరీ సదస్సు – వారి చేతిలో ఉన్నవి ఇవే. వికారాబాద్, తాండూరు రెండూ చేవెళ్ల లోక్‌సభ స్థానంలోనివే కనుక, పప్పుధాన్యాల దిగుమతి ఒప్పందం గడువు పొడిగించే ప్రతిసారీ సంతకానికి ముందే కంది రైతు తరఫున సభలో ప్రశ్న వేయాల్సిన బాధ్యత మొదట ఆ స్థానపు ఎంపీదే.